గుట్టు విప్పినవాడికి భిక్ష కాదు, రక్షణ కావాలి
(చల్లపల్లిలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాట్లాడమని మాకిచ్చిన విషయం ఇది. ప్రభుత్వం రహస్యమని ముద్ర వేసి దాచిన కాగితాన్ని ఒక ఉద్యోగి బయటపెట్టాడు. అందుకు అతని మీద కేసు పెట్టారు, శిక్ష పడింది. ఆ శిక్షను మాఫీ చెయ్యాలా, వద్దా? అలాంటి ఉద్యోగిని ఇంగ్లీషులో విజిల్ బ్లోయర్ అంటారు, అంటే ఈల వేసేవాడు. చేలో దొంగలు పడితే కావలివాడు కేక వేస్తాడు చూడండి, అలాంటివాడన్నమాట. తేడా ఏమిటంటే ఇక్కడ దొంగ ఆసామే, కావలివాడు ఆయన జీతగాడే.

నాట్లకీ కోతలకీ పోయే మనకు ఈ చర్చ దేనికి అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ కాగితం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదేనన్న సంగతి మనకంటే బాగా తెలిసిన వాళ్లు ఎవరూ లేరు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసేదాకా ఊరి లెక్కలన్నీ కరణం గారి ఇంట్లోనే ఉండేవి. ఏ బంజరు ఎంత, ఏ పోరంబోకు ఎవరి అనుభవంలో ఉంది, ఎవరి పేరున శిస్తు కడుతున్నారు, అన్నీ ఆ ఇంటి అటక మీదే. ఆ దస్త్రాల మూటను కచేరీకి నెత్తిన మోసింది మన వెట్టివాడు. మోసే పని మనది, చదివే పని వాళ్లది. మూటలో తన వాడకు చెందాల్సిన భూమి లెక్క ఉన్నా ఆ మోసేవాడికి తెలిసే దారి లేదు. అది కూడా ప్రభుత్వ రహస్యమే. ముద్ర ఒక్కటే లేదు.

చల్లపల్లి గడ్డకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. జమీందారీలు రద్దు చేసే చట్టం 1948లో వచ్చింది. భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన భూమి రాలేదు. ఏ భూమి ఏ పేరున ఉందో తేల్చుకోవడానికే ఈ తాలూకాలో ఏళ్ల తరబడి పోరాటాలు నడిచాయి. కబురు సమయానికి అందకపోతే ఏమవుతుందో కూడా మన దివిసీమకు తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెనలో సర్కారు లెక్కలోనే 10 వేల మంది దాకా పోయారు. సమాచారం అంటే చదువుకున్నవాళ్ల కాలక్షేపం కాదు. అది భూమి, అది కూలి, ఒక్కోసారి అది ప్రాణం.

ఇంతకీ రహస్యం అంటే ఏమిటి? ఎవరు తేలుస్తారు? సైన్యం ఎక్కడ నిలబడింది, సరిహద్దులో ఏ ఏర్పాట్లు ఉన్నాయి, ఇవి శత్రువుకు తెలియకూడదు. దీన్ని ఎవరమూ కాదనం. కానీ మన రాష్ట్రంలో జరిగింది చూడండి. ప్రభుత్వ ఉత్తర్వులు, అంటే జీవోలు, ఎన్నో ఏళ్లు అందరికీ కనిపించేటట్టు ఇంటర్‌నెట్‌లో పెట్టారు. 2021 ఆగస్టులో అలా పెట్టడం ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. మొన్నటిదాకా అందరూ చూసిన రకం కాగితం ఒక్క రోజులో చాటు కాగితం అయింది. మధ్యలో దేశానికి వచ్చిన ముప్పు ఏమిటి? ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ల ఇష్టం మారింది, అంతే. రహస్యం అన్న ముద్ర చాలాసార్లు దేశం కోసం కాదు, కుర్చీ కోసం పడుతుంది.

ఇక చట్టం సంగతి. అధికార రహస్యాల చట్టం అని ఒకటుంది. 1923లో తెల్లదొరలు చేసిన చట్టం. దొరలు పోయారు, చట్టం పోలేదు. ఇందులో 5వ సెక్షను కింద రహస్య కాగితం ఇచ్చినవాడే కాదు, తెలిసి పుచ్చుకున్నవాడు కూడా నేరస్తుడే. మూడేళ్ల దాకా శిక్ష వెయ్యొచ్చు. గూఢచర్యం కింద లెక్కగట్టి, అది సైన్యానికి సంబంధించినదైతే 14 ఏళ్ల దాకా పోతుంది. ఇదే చట్టంలో 13వ సెక్షను ఉంది. ప్రభుత్వం తన ఉత్తర్వుతో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ కేసును తీసుకోవడానికి వీల్లేదు. అంటే ఏమిటి? ఎవరి తప్పు బయటపడిందో వాళ్లే కేసు పెట్టాలో వద్దో తేలుస్తారు. దొంగతనం జరిగిందని అరిచినవాడి మీద కేసు పెట్టే అధికారం దొంగకే ఇచ్చినట్టు లేదూ?

కిందిస్థాయి ఉద్యోగి దగ్గరికి వస్తే ఇంత పెద్ద చట్టం కూడా అక్కర్లేదు. ప్రవర్తనా నియమావళి చాలు. పొద్దున మెమో, సాయంత్రానికి సస్పెన్షను. రిజర్వేషన్ మీద వచ్చిన అటెండరు, గుమస్తా, నర్సు, కానిస్టేబులు, వాళ్ల ఇంట్లో మొదటి జీతం వాళ్లదే. ఆ జీతం ఆగితే ఇల్లంతా ఆగిపోతుంది. నోరు విప్పడానికి వాళ్లకు పట్టే గుండె ధైర్యం పెద్ద ఆఫీసరుకు పట్టే ధైర్యం కంటే ఎక్కువని మేము అంటాం.

డాక్టర్ సుధాకర్ సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు, దళిత బిడ్డ. 2020 ఏప్రిల్లో కరోనా ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆసుపత్రిలో డాక్టర్లకు మాస్కులు లేవు, ఒక్క మాస్కుతో 15 రోజులు గడపమంటున్నారు అని విలేకరుల ముందు చెప్పాడు. అది సైనిక రహస్యమా? మాస్కు లేదన్న సంగతి ఆసుపత్రికి వచ్చిన ప్రతి రోగికీ కనిపించేదే. అయినా సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ రోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టి, చొక్కా లేకుండా పడేసిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. అక్కడి నుంచి పిచ్చాసుపత్రికి పంపారు. హైకోర్టు జోక్యం చేసుకుని సీబీఐ విచారణ వేసింది. మరుసటి ఏడాది మే నెలలో ఆయన గుండెపోటుతో పోయాడు. ఏ కోర్టూ ఆయనకు శిక్ష వెయ్యలేదు. శిక్ష మాత్రం పడింది. ఇప్పుడు చెప్పండి, ఆయనకు ఎవరు క్షమాభిక్ష పెట్టాలి? ఆయన్ను ఎవరు క్షమించాలి? క్షమాపణ చెప్పాల్సింది ఎవరు?

అందుకే క్షమాభిక్ష అన్న మాట దగ్గర మేము కాసేపు ఆగుతున్నాం. క్షమ ఎవరికి? తప్పు చేసినవాడికి. భిక్ష ఎవరికి? చెయ్యి చాపినవాడికి. పండక్కి పాత పంచె, కోతలప్పుడు మేర, ఆకలికి చల్లారిన గంజి. మన తాతముత్తాతలు పడ్డ కష్టానికి కూలి ఇవ్వకుండా భిక్ష అని పేరు పెట్టారు. హక్కును భిక్ష చేసిన దేశం ఇది. నిజం చెప్పినవాడి చేతికి కూడా అదే చిప్ప ఇస్తామంటే మన ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

అయితే మనవాళ్లలోనే రెండో మాట ఉంది. దాన్ని పక్కకు తోసెయ్యలేం. కొందరు అన్నలు ఏమంటారంటే, ఆఫీసు గుట్టు బయటికి పోవడం మంచిదని మీరంటే మనకే ముప్పు. మన ఆడబిడ్డ స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాయిస్తుంటే, సంతకం ఆరకముందే పెద్దిళ్లకు ఫోను పోతుంది. సాక్షి ఎవరో, ఎక్కడ ఉంటాడో రాత్రికి రాత్రే తెలిసిపోతుంది. తెల్లారేసరికి సాక్షి ఇంటి ముందు బేరగాళ్లు, మర్నాటికి బెదిరించేవాళ్లు. ఇది కూడా గుట్టు విప్పడమే కదా? ఈ ఉద్యోగిని కూడా వదిలెయ్యమంటారా?

నిజమైన ప్రశ్న ఇది. జవాబు మన అనుభవంలోనే ఉంది. కాగితం ఎటు పోయింది అన్నది చూడాలి. పైనున్నవాళ్లు చేసిన అన్యాయం గురించిన కాగితం కిందున్న జనానికి చేరిందా? లేక కిందున్నవాడి గుట్టు పైనున్నవాడి చేతికి చేరిందా? మొదటిది కావలివాడి కేక. రెండోది ద్రోహం. బాధితుల, సాక్షుల వివరాలు దాచడం మన హక్కు. 1989 అత్యాచార నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసి పెట్టిన 15-ఎ సెక్షన్లో సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపడకుండా చూసే ఏర్పాటు ఉంది. కాబట్టి మేము గుట్టు వద్దనడం లేదు. బలహీనుడికి గుట్టు ఉండాలి, అధికారానికి లెక్క ఉండాలి అంటున్నాం. ఇప్పుడు నడుస్తున్నది దీనికి తలకిందులు.

ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత చెబుతారు. కథ ప్రకారమే చూద్దాం. అన్న గుట్టు చెప్పిన విభీషణుడికి ఏమైంది? లంక పట్టం దక్కింది, భక్తుడని పేరు కూడా వచ్చింది. ఎందుకు? గెలిచే పక్షానికి చెప్పాడు గనుక. మన లంక గ్రామాల్లో మన పక్షాన గుట్టు చెప్పిన గుమస్తాకు పట్టం లేదు, ఉన్న ఉద్యోగం పోతుంది. చెప్పడం తప్పని వాళ్లూ అనుకోవడం లేదు. ఎవరికి చెప్పావన్నదే వాళ్లకు తప్పు.

పై ఆఫీసరుకే చెప్పుకోవచ్చు కదా, బయటికి ఎందుకు చెప్పాలి అని మరో ప్రశ్న. సత్యేంద్ర దూబే అలాగే చేశాడు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. బీహారులో రోడ్డు పనుల్లో జరుగుతున్న అవినీతి గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. నా పేరు బయటపెట్టవద్దు అని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీగాళ్ల పని అని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. అది అలా ఉంచండి. పేరు దాచమన్న మనిషి పేరు ఎందుకు దాచలేదు? దానికి ఎవరికి శిక్ష పడింది? ఆ గొడవ తరవాత చాలా ఏళ్లకు, 2014లో, ఇలాంటివాళ్ల రక్షణకని పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకం అయింది. పదేళ్లు దాటినా అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. సంతకమైన పట్టా చేతికిచ్చి, హద్దురాళ్లు వెయ్యకుండా వదిలేసిన భూమి లాంటిది ఈ చట్టం.

రక్షణ చట్టం ఇలా పడుకుంటే ఇక మిగిలింది క్షమాభిక్ష. అది ఎలా పనిచేస్తుందో కార్యకర్తలు తెలుసుకోవాలి. రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161 కింద గవర్నరుకు శిక్ష రద్దు చేసే, తగ్గించే అధికారం ఉంది. రహస్యాల చట్టం కేంద్రానిది కాబట్టి అర్జీ రాష్ట్రపతికే పోతుంది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడుచుకోవాలి. మళ్లీ అదే ఇంటి గుమ్మం ఎక్కాలన్నమాట. శిక్ష తగ్గించడం వేరు, నేరమే మాఫీ చెయ్యడం వేరు. తగ్గిస్తే మనిషి బయటికి వస్తాడు కానీ నేరస్తుడన్న ముద్ర ఉంటుంది.

అమెరికాలో చెల్సియా మానింగ్ అనే సైనిక ఉద్యోగి ఇరాక్ యుద్ధంలో తమ సైన్యం హెలికాప్టర్ మీద నుంచి మామూలు మనుషుల్ని కాల్చిన వీడియోను, లక్షల కాగితాలను బయటపెట్టింది. 2013లో 35 ఏళ్ల శిక్ష వేశారు. 2017 జనవరిలో, దిగిపోవడానికి మూడు రోజుల ముందు, ఒబామా ఆ శిక్షను తగ్గించాడు. మే నెలలో విడుదలైంది. నేరం మాఫీ కాలేదు, శిక్ష మాత్రమే తగ్గింది. అదే దేశంలో ప్రభుత్వం జనం ఫోన్ల లెక్కలన్నీ పోగేస్తోందని 2013లో చెప్పిన స్నోడెన్‌కు అది కూడా దక్కలేదు, రష్యాలో తలదాచుకున్నాడు. ఇద్దరూ గుట్టు విప్పినవాళ్లే. ఒకరికి సగం దయ, ఒకరికి అసలే లేదు. దయకు కొలబద్ద ఉండదు. ఇదే దాని జబ్బు.

మన రాష్ట్రంలో ఈ జబ్బు ఇంకా స్పష్టంగా కనపడింది. 2005లో హత్య కేసులో శిక్ష పడిన ఒక కర్నూలు జిల్లా అధికార పార్టీ నాయకుడికి గవర్నరు మిగతా శిక్ష మాఫీ చేశారు. అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఆ ఫైల్లో ఉంది. 2006 అక్టోబరులో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమించడానికి వీల్లేదని చెప్పింది. కోర్టు చెప్పాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి, లోపల ఏం నడుస్తుందో.

అలాగని క్షమాభిక్ష మనకొద్దు, ఆత్మగౌరవం ముఖ్యం అని చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. చిలకలూరిపేట కేసు గుర్తుచేసుకోండి. 1993 మార్చిలో బస్సు దోపిడీలో 23 మంది నిండు ప్రాణాలు కాలిపోయాయి. ఆ ఘోరాన్ని అప్పుడూ ఎవరూ సమర్థించలేదు, ఇప్పుడూ మేము సమర్థించడం లేదు. ఇద్దరు దళిత యువకులకు ఉరి వేశారు. కారంచేడులో, చుండూరులో మనవాళ్లను నరికినవాళ్లు ఎవరూ ఉరికంబం ఎక్కని రాష్ట్రంలో ఈ ఇద్దరికే ఉరా అని దళిత సంఘాలు, పౌరహక్కుల సంఘాలు, రచయితలు అడిగారు. ఉరి తేదీ దగ్గరపడి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ కేసుకూ ఈ విషయానికీ పోలిక లేదు. అది నేరం, ఇది సేవ. కానీ ఒక పాఠం ఉంది. లోపలున్న మనిషి ప్రాణం, వయసు కరిగిపోతుంటే బయటున్న మనం సిద్ధాంతం చెబుతూ కూర్చోకూడదు. అర్జీ పెట్టాలి. వెనక జనం ఉన్న అర్జీ భిక్ష కాదు, అది డిమాండు.

కాబట్టి మేము ఇలా అంటున్నాం. గుట్టు విప్పిన ప్రతివాడికీ మాఫీ అనడం లేదు. నాలుగు ప్రశ్నలు వెయ్యండి. బయటపెట్టిన కాగితంలో అన్యాయం, అవినీతి, ప్రాణనష్టం ఏదైనా ఉందా? అది జనానికి చేరిందా, పెత్తందారుకు చేరిందా? డబ్బు తీసుకున్నాడా? దానివల్ల ఏ అమాయకుడి ప్రాణమైనా మీదికి వచ్చిందా? ఈ నాలుగింట్లో నెగ్గినవాడి మీద కేసే పెట్టకూడదు. పెడితే కోర్టులో ప్రజాప్రయోజనం కోసం చేశానని చెప్పుకునే హక్కు ఉండాలి. శిక్ష పడితే మాఫీ చెయ్యాలి, ఉద్యోగం తిరిగి ఇవ్వాలి. 2014 చట్టాన్ని అమల్లోకి తేవాలి. 1923 చట్టాన్ని సైన్యం, సరిహద్దు వరకే కుదించాలి.

డిమాండ్లు ఢిల్లీకి పోతాయి. ఊళ్లో మనం చెయ్యాల్సిన పని కూడా ఉంది. కాస్త జాగ్రత్తగా వినండి.

ఏ ఉద్యోగి అయినా మన మేలు కోరి చెవిలో మాట వేస్తే అతని పేరు మన నోట రాకూడదు. మన సభలో కూడా రాకూడదు. కాగితాన్ని ఫోటో తీసి ఫోన్లలో తిప్పొద్దు. చేతిరాత, ఫైలు నంబరు, మడత చూసి కూడా మనిషిని పట్టేస్తారు. ఆ కాగితం ఉందని తెలిసింది కదా, ఇక దాన్ని దర్జాగా ముందు గుమ్మం నుంచి తెచ్చుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం అందుకే ఉంది. ఊరి స్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా రుసుం లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలే. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషనుకు. రహస్యమని తోసిపుచ్చితే 8వ సెక్షను 2వ ఉపసెక్షను చూపించండి. దాచడం వల్ల తప్పే కీడు కంటే బయటపెట్టడం వల్ల జనానికి ఒరిగే మేలు ఎక్కువైతే, 1923 చట్టం ఉన్నా సరే, ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. పొలం సర్వే నంబరు, అసైన్డ్ పట్టాల జాబితా, శ్మశానం హద్దులు, హాస్టలు బిల్లులు, సబ్‌ప్లాన్ నిధుల ఖర్చు, ఇవన్నీ అడగండి. ఒక్కరి పేరున కాకుండా పదిమంది పది దరఖాస్తులు పెట్టండి. ఒక్కడైతే గురిపెడతారు. పదిమందిని గురిపెట్టడం కష్టం.

చివరిగా ఒక మాట. గుట్టు విప్పినందుకు ఎవరైనా సస్పెండైతే మనం ఆ ఇంటికి పోవాలి. వాడలో బియ్యం పోగేసి ఇవ్వాలి. లాయరును చూడాలి. సస్పెన్షను ఎత్తెయ్యమని తాసిల్దారు ఆఫీసు ముందు, బందరు కలెక్టరేట్ ముందు కూర్చోవాలి. అతను మన కులంవాడా, మాలా మాదిగా, బీసీనా అని చూడొద్దు. మన కోసం ఉద్యోగం పణంగా పెట్టినవాడు మనవాడే. మొన్న కాగితం తెచ్చినప్పుడు చప్పట్లు కొట్టి, ఇవాళ మెమో వచ్చాక మొహం చాటేస్తే, రేపు ఏ ఆఫీసులోనూ మన కోసం ఒక్క గొంతు లేవదు.

వెట్టివాడు మూట మోసిన కాలం పోయింది. ఆ మూట విప్పి చదవగలిగిన బిడ్డలు ఇప్పుడు మన ఇళ్లల్లో ఉన్నారు, ఆఫీసుల్లోనూ ఉన్నారు. వాళ్లు చదివింది మనకు చెప్పినందుకు జైలుకు పోకూడదు. పోతే తెచ్చుకునే బాధ్యత మనది.

జై భీం.